క్వినోవా: చేదుపొర తొడిగిన గింజ

కుంకుడుకాయ రసమును నీటిలో గిలకొట్టిన నురుగు లేచునని అందరమును ఎరుగుదుము. ఆ నురుగునకు మూలమైన పదార్థములను సపోనిన్లు అందురు. ఈ తెగకు చెందిన పదార్థములే ఒక ఆహారపు గింజ పైపొరలోను ఉన్నవనిన వింతగా తోచును. ఆ గింజయే క్వినోవా. దీనికి ఈ చేదు ఎందులకు? దానిని పోగొట్టుట ఎట్లు? పోగొట్టిన పిదప మిగులునదేమి? ఈ మూడు ప్రశ్నలను విచారింతము.

పుట్టినచోటు

దక్షిణ అమెరికాలో పెరూ, బొలీవియా దేశముల సరిహద్దున, ఆండీస్ పర్వతముల నడుమ, టిటికాకా సరస్సు కలదు. అది సముద్రమట్టమునకు సుమారు 3,800 మీటర్ల ఎత్తున ఉన్నది. ఆ ప్రాంతపు ప్రజలు వేల సంవత్సరముల క్రిందటనే క్వినోవాను పండింప నేర్చిరి. క్వెచువా భాషలో దీని పేరు ‘కీన్వా’. ఇంకాల సామ్రాజ్యములో ఇది ముఖ్యమైన ఆహారము. 1532లో స్పెయిన్ వారు పెరూపై దండెత్తిన పిదప గోధుమ, బార్లీ పంటలు అచ్చట వ్యాపించెను. క్వినోవా గౌరవము తగ్గినది. అయినను కొండరైతులు దీనిని విడువలేదు.

విడువకుండుటకు కారణము లేకపోలేదు. ఆ పీఠభూమిపై వాన తక్కువ. రాత్రులు మంచు గడ్డకట్టు చలి. బొలీవియాలోని ఉయుని ఉప్పు మైదానము చుట్టుప్రక్కల నేల ఉప్పుమయము. అట్టి నేలలో కూడ క్వినోవా పండును. దీని లేత ఆకులపై చిన్న తిత్తులవంటి కణములు కలవు. మొక్క లోనికి వచ్చిన ఉప్పులో కొంత ఈ తిత్తులలో చేరి, మిగిలిన కణములకు హాని తగ్గునని కొందరు శాస్త్రజ్ఞులు భావించిరి; అయినను ఇది నిశ్చయమైన విషయము కాదు.

ధాన్యమా, కాదా?

వరి, గోధుమ, జొన్న, రాగి గడ్డికుటుంబమునకు చెందిన ఏకదళబీజములు. క్వినోవా ద్విదళబీజము. తోటకూర, పాలకూరలున్న కుటుంబమే దీనిదియు. మన చేలలో కలుపుగా మొలచు పప్పుకూర దీనికి మరింత దగ్గరి చుట్టము. రెండును ఒకే ప్రజాతివి. గింజను ధాన్యమువలె వండుకొందురు గనుక క్వినోవాను మిథ్యాధాన్యమందురు.

గింజ అడ్డుకొలత సుమారు 2 మిల్లీమీటర్లు. వరిగింజలో పిండము ఒక మూల నుండును. తక్కినదంతయు పిండిపదార్థము నిండిన అంకురచ్ఛదము. క్వినోవాలో అట్లు కాదు. నడుమ పిండిపదార్థము గల పరిచ్ఛదము, దాని చుట్టును కంకణమువలె చుట్టుకొనిన పిండము ఉండును. మాంసకృత్తులు, నూనె ఎక్కువగా ఈ పిండములోనే నిలువయుండును. బియ్యమును మరపట్టి తెల్లగా చేసినప్పుడు పిండము తవుడుతో పోవును. క్వినోవాను కడిగినప్పుడు పైపొరలోని చేదు మాత్రమే పోయి, పిండము గింజతోనే మిగులును.

చేదు చేయు కాపలా

సపోనిన్లు మొక్కకు రక్షకులు. చేదుగింజను పక్షులు అంతగా ముట్టవు, పురుగులబాధయు తగ్గును. సపోనిన్లు మిక్కిలి తక్కువగా గల తియ్యరకములును కలవు. వాటిని కడుగు శ్రమ తక్కువే కాని, పక్షుల బెడద ఎక్కువ. చేదైనచో ఇంట శ్రమ, తీపైనచో చేనిలో కాపలా: రైతు ఈ రెండింటిలో ఒకదానిని ఎన్నుకొనవలెను. 2017లో శాస్త్రజ్ఞులు క్వినోవా జన్యుక్రమమును ప్రకటించుచు, సపోనిన్ల ఉత్పత్తిని నడుపునని తోచిన ఒక జన్యువును గుర్తించిరి. చేదు లేని మంచి రకములను పెంపొందించుటకు ఇది దారి చూపును.

తరగతిలో ఒక చిన్న ప్రయోగము: పరీక్షనాళికలో అర గ్రాము గింజలు, 5 మిల్లీలీటర్ల నీరు పోసి, మూతి మూసి 30 సెకండ్లు గట్టిగా కుదుపుడు. 5 నిమిషములు ఆగి నురుగు ఎత్తును కొలువుడు. బాగుగా కడిగిన గింజలతో మరల చేసి రెండు కొలతలను పోల్చుడు. దుకాణములలో దొరకు గింజ చాలవరకు ముందే శుభ్రపరచినది గనుక నురుగు కొద్దిగానే రావచ్చును. ప్రయోగశాలలోని గింజలను నోట వేసికొనరాదు.

వండు విధము

గింజలను గిన్నెలో పోసి, నీటిలో చేతులతో రుద్ది, నురుగు ఆగువరకు మూడు నాలుగు నీళ్లు మార్చవలెను. గింజ చిన్నది గనుక సన్నని జల్లెడ అవసరము. ఒక కొలత గింజకు రెండు కొలతల నీరు పోసి, మరగిన పిదప మూతపెట్టి సన్నని సెగపై సుమారు 15 నిమిషములు ఉంచవలెను. దింపి మరి 5 నిమిషములు కదపరాదు. పిండిపదార్థము నీరు పీల్చి ఉబ్బుటచే గింజ కొంత పారదర్శకమగును. చుట్టియున్న పిండము విడివడి తెల్లని దారపుతోకవలె బయటపడును. ఉడికినదనుటకు ఇదియే గుర్తు.

టిటికాకా ఎత్తున నీరు సుమారు 87 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే మరుగును. చెట్లు తక్కువైన ఆ పీఠభూమిపై వంటచెరకు కూడ అరుదు. అట్టిచోట చిన్నగింజ త్వరగా ఉడుకుట ఎంత ఉపకారమో ఊహింపవచ్చును. అచ్చటివారు దీనిని పులుసులలో వేయుదురు; పాలు, జున్నుగడ్డ చేర్చి జావవలె వండుదురు; పిండితో చిన్న ముద్దలు చేసి ఆవిరిపై ఉడికింతురు. మన ఇండ్లలో ఉప్మాకు, పొంగలికి ఇది తగును.

అంకెలను చదువుట

100 గ్రాముల పచ్చి గింజలో సుమారు 14 గ్రాముల మాంసకృత్తులు ఉండును. తెల్లబియ్యములో సుమారు 7. బియ్యము, గోధుమలలో కొరతగానుండు లైసీన్ అను ఎమైనో ఆమ్లము ఇందు తగినంత కలదు. గ్లూటెన్ లేనందున గోధుమ సరిపడనివారికి కూడ పనికివచ్చును. కాని నీరు పీల్చి ఉడికిన 100 గ్రాములలో మాంసకృత్తులు 4.4 గ్రాములే. పచ్చి గింజ అంకెను ఉడికిన అన్నపు అంకెతో పోల్చి, క్వినోవాను అద్భుతమనుట సరికాదు. అన్నములో కొరవడిన లైసీన్‌ను మన పప్పు తీర్చుచునే యున్నది.

ఐక్యరాజ్యసమితి 2013ను అంతర్జాతీయ క్వినోవా సంవత్సరముగా జరిపినది. ఆ కాలమున దూరదేశములలో గిరాకీ పెరిగి ధర బాగుగా హెచ్చెను. 2015 నాటికి ధర పడిపోగా, దానినే నమ్ముకొనిన ఆండీస్ రైతులు నష్టపోయిరి. మనకిది రాగి, జొన్నలకు బదులు కాదు. వాటి సరసన చేరదగిన మరియొక గింజ. కరవుకు, ఉప్పునేలకు ఓర్చు పంటల అవసరము పెరుగుచున్న ఈ కాలమున, వేల యేండ్లు దీనిని కాపాడిన కొండరైతులకు మానవజాతి ఎంతయు ఋణపడియున్నది.