ఈసీలో సీడీ నంబరు ఎందుకుంది?

మామూలు కంప్యూటర్లే సర్వర్లుగా మారి చిన్న ఊళ్ల వ్యవహారాన్ని ఎలా నడిపించాయో రాయమన్నారు ఎడిటర్‌ గారు. గురువారానికి కాపీ అందాలన్నారు. ఆదోని పత్తి వ్యాపారుల లెక్కలతో మొదలుపెడదామనుకున్నాను. ఇంతలో కోసిగిలో ఒక రైతు కుటుంబం బ్యాంకు లోను కోసం తీసిపెట్టుకున్న ఈసీ చేతికొచ్చింది. దాన్ని చదవడం మొదలుపెట్టాక మిగతా సంగతులన్నీ వెనక్కిపోయాయి.

పొలం ఎవరి నుంచి ఎవరికి మారిందో, ఎక్కడైనా తాకట్టులో ఉందో చెప్పే కాగితం ఈసీ. మొదట ఊరు, సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు దిక్కుల చెక్కుబంది ఉంటాయి. వార్డు, బ్లాకు అన్నచోట సున్నా, సున్నా. పట్నం ఇళ్లకూ పల్లె పొలాలకూ నమూనా ఒకటే కాబట్టి పొలానికి అక్కడ రాయడానికేమీ లేదు. తర్వాతి గడిలో ఒక్క దస్తావేజుకే మూడు తేదీలు కనిపిస్తాయి. ఆర్‌ అంటే రిజిస్టరైన రోజు, ఈ అంటే రాసుకున్న రోజు, పీ అంటే ఆఫీసులో దాఖలు చేసిన రోజు. పేర్ల పక్కన ఈఎక్స్‌ అని ఉంటే రాసిచ్చినవారు, సీఎల్‌ అని ఉంటే రాయించుకున్నవారు. చివరి గడిలో వాల్యూము, పేజీ, దస్తావేజు నంబర్లతో పాటు సీడీ నంబరు కూడా ఉంటుంది.

ఇప్పుడు సీడీలు వాడేవాళ్లు ఎవరున్నారు? అయినా ఆ గడి పోలేదు. ఒకప్పుడు రిజిస్టరైన ప్రతి దస్తావేజునూ గుమాస్తా పుస్తకంలోకి చేత్తో ఎక్కించేవాడు. కంప్యూటర్లు వచ్చాక ఆ నకలు పని స్కానర్‌కు మళ్లింది. స్కాన్‌ చేసిన పేజీలను సీడీల్లోకి ఎక్కించేవారు. ఒక్కో సీడీలో 650 మెగాబైట్ల దాకా పడతాయి. ఏ దస్తావేజు ఏ సీడీలో ఉందో తెలియాలి కాబట్టి ఆ నంబరూ ఈసీలోకి ఎక్కింది.

ఆ ఏర్పాటు పేరు కార్డ్‌. 1998 నవంబరు 4న ఉమ్మడి రాష్ట్రంలో 214 సబ్‌-రిజిస్ట్రారు ఆఫీసుల్లో మొదలైంది. ఐఏఎస్‌ అధికారి జె. సత్యనారాయణ దీన్ని ముందుండి నడిపించారు. ఆఫీసులో ఒక కంప్యూటర్‌ సర్వర్‌, మిగతావి దానికి తగిలించినవి. మార్కెట్‌ విలువ, స్టాంపు డ్యూటీ లెక్క, వివరాలు సరిచూసుకునే చెక్‌ స్లిప్పు, స్కానింగు, ఈసీ అన్నీ ఒకే ప్రోగ్రాములో. ఒకసారి టైపు చేసిన సర్వే నంబరే చివరిదాకా నడుస్తుంది. నా దృష్టిలో అసలు గొప్ప ఇదే. యంత్రం చిన్నదైనా, ఒక్క వివరాన్ని నాలుగుచోట్ల నాలుగు రకాలుగా రాసే అవకాశం తగ్గింది. రోజుల తరబడి తిరిగితే గాని రాని ఈసీ నిమిషాల్లో చేతికొచ్చింది.

మరి ఈసీ 1983 నుంచే ఎందుకు మొదలవుతుంది? 1998 నుంచి పదిహేనేళ్లు వెనక్కి వెళ్లండి. పాత ఇండెక్సు పుస్తకాల్లోంచి ఎవరో కూర్చుని టైపు చేసిన మేరకే కంప్యూటర్‌కు గతం తెలుసు. అంతకు ముందువి పుస్తకాల్లోనే ఉన్నాయి.

మామూలు కంప్యూటర్లు సర్వర్లైన వెనకటి సంగతులు క్లుప్తంగా: 10 మెగాబైట్ల హార్డ్‌ డిస్కుతో ఐబీఎం ఎక్స్‌టీ వచ్చిందీ, కంప్యూటర్లను కలిపే నోవెల్‌ నెట్‌వేర్‌ వచ్చిందీ 1983లోనే. 1997లో మైక్రోసాఫ్ట్‌ మెయిల్‌, డేటాబేస్‌, ఫైళ్లు అన్నీ కలిపి 25 మంది వాడుకునే స్మాల్‌ బిజినెస్‌ సర్వర్‌ తెచ్చింది. తర్వాత ఇలాంటి పనులు చాలావరకు ఇంటర్నెట్‌ మీదికి వెళ్లిపోయాయి. ఈసీ కూడా ఇప్పుడు వెబ్‌సైటులోనే దొరుకుతోంది.

పదకొండో కంప్యూటర్‌
దుకాణాల్లో లెక్కలు రాసుకునే టాలీ డేటా ఒక కంప్యూటర్‌లో పెట్టి, మిగతావాటి నుంచి తెరవడం మామూలే. అందుకు గోల్డ్‌ లైసెన్సు కావాలి, సిల్వర్‌ ఒక్కరికే. విండోస్‌ ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌ను సర్వర్‌గా పెట్టినప్పుడు ఒకేసారి పది కంప్యూటర్లకే దారి ఉండేది. పదకొండోదాన్ని రానిచ్చేది కాదు. రోజూ కాపీ తీసి వేరేచోట దాచకపోతే డిస్కు పోయిన రోజున లెక్కలన్నీ పోతాయి.

ఈసీ చేతిలో ఉందని ఆగొద్దు
రిజిస్టరు కాని ఒప్పందం, చేతికాగితం మీద పెట్టిన తాకట్టు ఇందులో కనిపించవు. పేరుతో వెతికితే స్పెల్లింగు తేడాకే తప్పిపోవచ్చు. సర్వే నంబరుతోనూ వెతకండి. 1983కి ముందువి కావాలంటే ఆఫీసులోనే పాత ఇండెక్సులు వెతికించాలి. ఆ ఇండెక్సులు చూసుకునే హక్కు 1908 నాటి రిజిస్ట్రేషన్‌ చట్టం 57వ సెక్షన్‌ ఇచ్చింది.

కోసిగి నుంచి ఏటా ఎన్నో కుటుంబాలు సుగ్గికి, అంటే వలస కూలికి, గుంటూరు మిరప చేలకు వెళ్తాయి. ఇంటికి తాళం వేసి వెళ్లే మనిషికి పొలం తనదేనని చెప్పే రికార్డు ఊళ్లో లేనప్పుడూ కాపు కాస్తుంది. తాత హయాంలోని పుస్తకాలకూ ఆ భద్రత దక్కాలి. వాటిని ఎక్కించడానికి పెద్ద యంత్రాలేవీ అక్కర్లేదు. పాత గుమాస్తాల చేతిరాత చదవగలిగినవాళ్లు కావాలి. అలాంటివాళ్లు ఒక్కొక్కరే రిటైరైపోతున్నారు. కాబట్టి ఆ పని ఇప్పుడే మొదలుపెట్టాలి.