ప్రాచ్య కళాశాలల్లో ఆంగ్లబోధన: ప్రకల్పన పద్ధతి, స్థానిక సంస్కృతి

సంస్కృతాంధ్రాలను ప్రధానంగా అభ్యసించే విద్యార్థులకు ఆంగ్లం చాలావరకు పరీక్షావిషయంగానే మిగిలిపోతున్నది. వ్యాకరణసూత్రాలు ఎరిగినవారు కూడ నాలుగు వాక్యాలు స్వయంగా వ్రాయడానికి వెనుకాడడం బోధకులకు అనుభవంలో ఉన్న విషయమే. ఆ భాషలో తాము చెప్పవలసినది ఏదో ఉన్నదన్న భావం కలుగకపోవడం దీనికి ఒక ముఖ్యకారణం. ప్రకల్పన పద్ధతి ఈ కొరతను తీర్చగలదు.

ఈ పద్ధతిని అమెరికా విద్యావేత్త విలియం హెర్డ్ కిల్‌పాట్రిక్ 1918లో ఒక వ్యాసంలో ప్రతిపాదించాడు. ప్రయోజనాన్ని నిర్ణయించుకోవడం, ప్రణాళిక వేసుకోవడం, నిర్వహించడం, ఫలితాన్ని పరీక్షించుకోవడం అనే నాలుగు దశలను విద్యార్థి తానే నడపడం దీని సారం. భాషాబోధనలో దీనికి స్థానిక సంస్కృతి తగిన ఆలంబనం.

ఉదాహరణకు శ్రీకాళహస్తి కలంకారీని తీసుకొనవచ్చు. తెలుగు తెలియని యాత్రికుల కోసం ఈ కళను వివరించే చిన్న ఆంగ్ల పుస్తకాన్ని సిద్ధం చేయడం ప్రయోజనమనుకొందాం. గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన ద్రవంలో నానబెడతారు; ఎండిన పిమ్మట చింతపుల్లల బొగ్గుతో రూపరేఖలు గీస్తారు; ఇనుపముక్కలు, బెల్లం నీటిలో ఊరవేసి తీసిన నల్లని ద్రవంతో వాటిని స్థిరపరుస్తారు; ఎర్రరంగు పట్టుకొనడానికి పటిక వాడతారు.

ఈ వాక్యాలలో కర్త పేరు లేదు. తెలుగు ఇట్టిచోట బహువచన క్రియతో సరిపెట్టుకొంటుంది. ఆంగ్లంలో ప్రక్రియావర్ణనకు ‘ది క్లాత్ ఈజ్ సోక్డ్’ వంటి కర్మణిప్రయోగం సహజం. తెలుగువారికి కొత్తగా తోచే ఈ రచన ప్రాచ్య విద్యార్థికి కొత్త కాదు. ‘వస్త్రం ప్రక్షాల్యతే’ అన్న వాక్యనిర్మాణం అతనికి పరిచితమే. కనుక సంస్కృతజ్ఞానం ఇక్కడ ఆంగ్లానికి సోపానమవుతుంది.

పదాల విషయమూ ఇట్టిదే. కరక్కాయకు సంస్కృతంలో హరీతకి, ఆంగ్లంలో మైరోబలన్ అన్న పేర్లున్నవి. అయితే పేరు మార్చినంతమాత్రాన పరదేశికి అర్థం కాదు. అది గుడ్డకు ఏమి చేస్తుందో చెప్పాలి. వ్యాఖ్యాన సంప్రదాయంలోని పదార్థోక్తి, ఆక్షేపసమాధానం ఇక్కడ అక్కరకు వస్తాయి. చదువరి వేయగల ప్రశ్నను ముందుగా ఊహించి సమాధానం వ్రాయడం విద్యార్థి నేర్చుకొంటాడు.

సాంకేతిక సాధనాలకు ఇందులో నియతమైన స్థానమున్నది. చరవాణితో కళాకారుల మాటలను, పని దశలను వారి అనుమతితో నమోదు చేయవచ్చు. ఆ మాటలను మరల మరల విని తెలుగులో యథాతథంగా వ్రాసికొనవచ్చు. కంప్యూటరుపై చిత్తుప్రతిని పలుమార్లు సవరించవచ్చు. అనువాద యంత్రాన్ని మాత్రం మొదటనే ఆశ్రయించకూడదు. తొలిప్రతి విద్యార్థి స్వయంగా వ్రాసిన తరువాత యంత్రానువాదాన్ని దానితో పోల్చి, అందులోని తప్పొప్పులకు కారణాలు చెప్పగలిగితే అదీ ఒక పాఠమే. ఈ క్రమం తారుమారైతే పుస్తకం మిగులుతుంది, అభ్యాసం మిగలదు.

మూల్యాంకనం తుదిప్రతికే పరిమితం కారాదు. సేకరణకు, చిత్తుప్రతులకు, మౌఖిక వివరణకు వేర్వేరుగా మార్కులు కేటాయించడం సమంజసం. సిద్ధమైన పుస్తకాన్ని, దాని తెలుగు ప్రతితో సహా, కళాకారులకు చదివి వినిపించి వారి సవరణలను స్వీకరించాలి. విషయంలో వారే ప్రమాణం. తన ఊరి విద్యను లోకానికి వివరించే బాధ్యత పైబడినప్పుడు విద్యార్థికి ఆంగ్లం పరీక్ష దాటి ప్రయోజనభాష అవుతుంది. అందుకు అతడు తన సంస్కృతాంధ్రాలను విడువవలసిన పని ఉండదు.