వంపు దగ్గరే అసలు పని

వెడల్పాటి రేకు మధ్యలో గుండ్రటి రంధ్రం చేసి రెండు వైపులా లాగితే, రంధ్రం అంచున స్ట్రెస్ మూడు రెట్లవుతుంది. 1898లోనే జర్మన్ ఇంజనీరు కిర్ష్ ఈ లెక్క తేల్చాడు. మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకు నేను మొదట ఇచ్చే పని ఇదే. జవాబు ముందే తెలుసు కాబట్టి, వాళ్లు వేసిన మెష్ ఎలాంటిదో ఇట్టే బయటపడుతుంది.

ఫైనైట్ ఎలిమెంట్ సాఫ్ట్‌వేర్ ఏ వస్తువునైనా చిన్న చిన్న ముక్కలు చేసి లెక్క కడుతుంది. ఒక్కో ముక్క ఒక ఎలిమెంటు, ముక్కల మూలల్లోని బిందువులు నోడ్లు, ఈ ముక్కల అల్లికంతా మెష్. ఆ ముక్కలు చేయడమే మెషింగ్. చదునైన చోట ఇబ్బంది ఉండదు. పేచీ అంతా వంపుతోనే, ఎందుకంటే మామూలు ఎలిమెంటు అంచు తిన్నటి గీత. 50 మిల్లీమీటర్ల వ్యాసార్ధమున్న రంధ్రం చుట్టూ 8 ఎలిమెంట్లు పెడితే, ప్రతి గీత నడుమ అసలు వంపుకు 3.8 మిల్లీమీటర్లు ఎడంగా ఉంటుంది. 16 పెడితే ఒక మిల్లీమీటరు లోపు, 32 పెడితే పావు మిల్లీమీటరు.

అలాగని విభజించుకుంటూ పోతే చాలదు. మెష్‌కు అసలు డ్రాయింగ్‌తో లంకె తెగిపోయి ఉంటే, కొత్త నోడ్లు వంపు మీదికి రావు, పాత గీత మీదే కూర్చుంటాయి. ముక్కలు వేలకు వేలు పెరిగినా రంధ్రానికి ఎనిమిది మూలలు అలాగే ఉంటాయి. పైగా ఆ మూలల్లో అసలు వస్తువులో లేని స్ట్రెస్ కనిపిస్తుంది, ముక్క చిన్నదయ్యేకొద్దీ పెరుగుతుంది కూడా. అందుకే నేను మెష్‌నీ అసలు ఆకారాన్నీ స్క్రీన్ మీద ఒకదానిపై ఒకటి పెట్టి, అంచుల దగ్గర జూమ్ చేసి చూస్తాను. సెకండ్ ఆర్డర్ ఎలిమెంట్లకు అంచు మధ్యలో ఇంకో నోడ్ ఉంటుంది. అది వంపు మీద కూర్చుంటే అంచు కూడా వంగుతుంది, తక్కువ ముక్కలతోనే పని జరుగుతుంది. మరీ చిన్న ఫిల్లెట్ (మూలను గుండ్రం చేసిన వంపు) దగ్గర పెద్ద ముక్క పెడితే మాత్రం ఎలిమెంటు మెలితిరిగి లెక్కే ఆగిపోతుంది.

ఆగిపోతే నయం. ఆగకుండా తప్పు జవాబు ఇస్తేనే ప్రమాదం. నార్వేలో స్లైప్నర్ ఎ అనే సముద్రపు గ్యాస్ ప్లాట్‌ఫాం కాంక్రీటు పునాదికి పక్కపక్కనే పెద్ద సిలిండర్లు కట్టారు. అవి కలిసే చోట మిగిలిన ముక్కోణపు సందుల దగ్గర మెష్ ముతకగా, వంకర ఎలిమెంట్లతో ఉంది. లెక్కలో షియర్ స్ట్రెస్ 47 శాతం తక్కువగా వచ్చింది, గోడలు పలచనయ్యాయి, లోపలి ఇనుప కడ్డీల అమరికా చాలలేదు. 1991 ఆగస్టు 23న స్టావాంగర్ దగ్గర పరీక్షిస్తుండగా గోడ పగిలి మొత్తం మునిగిపోయింది. ప్రాణాలు పోలేదు, నష్టం మాత్రం దాదాపు 70 కోట్ల డాలర్లు.

ఈ పనిలో ఉన్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నా మాట ఒకటే. రంగురంగుల ఫలితం చూసేముందు వంపుల దగ్గర మెష్ చూడండి. అక్కడ ఎలిమెంటు సైజు సగానికి తగ్గించి మళ్లీ రన్ చేయండి. స్ట్రెస్ అంకె బాగా మారితే, ఎంత తొందరపెట్టినా ఆ రిపోర్టు మీద సంతకం పెట్టకండి.