ఎల్క్ వేటకు ఏ రాష్ట్రం? క్యూకీ లాటరీకీ మధ్య ఒక లెక్క

కోల్‌కతాలో మేం ఉండే వాట్‌గంజ్ ఖిదిర్‌పూర్ డాకుల పక్కనే ఉంటుంది. కంపెనీ రోజుల్లో ఇక్కడ ఓడల కార్ఖానా పెట్టిన కల్నల్ హెన్రీ వాట్సన్ పేరు మీద ఈ పేట వెలసింది. మా తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి డాకుల్లో పనికని వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఇక్కడ జింకను చూడాలంటే అలీపూర్ జూ దాకా వెళ్లాల్సిందే. అలాంటి చోట ఉన్న నాకు పోయిన నెల ఒక రాత్రి హ్యూస్టన్ నుంచి మా పెద్దమ్మగారబ్బాయి ఫోన్ చేశాడు.

"తమ్ముడూ, నువ్వు ఫిజిక్స్ చదివావు కదా. ఎల్క్ వేటకి ఏ రాష్ట్రానికి వెళ్లాలో ఒక లెక్క తేల్చి చెప్పు" అన్నాడు.

అన్నయ్యకి 44 ఏళ్లు. ఆఫీసు స్నేహితులతో తిరిగి వేట నేర్చుకున్నాడు. ఎనిమిదేళ్లుగా ఒక పడమటి రాష్ట్రంలో ఏటా రుసుము కట్టి 'పాయింట్లు' కూడబెడుతున్నాడు. అతను కోరుకున్న అడవికి ఇప్పుడు 16 పాయింట్లు కావాలి. "సగం దూరం వచ్చాను, ఇంకో ఎనిమిదేళ్లు ఆగితే సరిపోతుందా?" అన్నది అతని అసలు ప్రశ్న. సరిపోదని లెక్క చెబుతోంది. ఎందుకు సరిపోదో, ఆ లెక్క వెనక ఉన్న జీవశాస్త్రం ఏమిటో చూద్దాం.

ఎల్క్ అంటే ఏ జంతువు?

ఈ పేరుతోనే చిక్కు మొదలవుతుంది. యూరప్‌లో ఎల్క్ అంటే మూస్ అనే వేరే జంతువు. బ్రిటిష్ కాలంలో సింహళంలోనూ దక్షిణ భారతంలోనూ వేటగాళ్లు ఎల్క్ అని రాసుకున్నది మన సాంబార్ జింకను. మనవాళ్లు దాన్నే కణుజు, కడితి అంటారు. అమెరికాలో ఎల్క్ అంటే సెర్వస్ కెనడెన్సిస్. అక్కడి మూలవాసుల భాషలో దీని పేరు వాపిటి, అంటే తెల్లని పిరుదులు గలది అని అర్థం. ఎదిగిన మగ ఎల్క్ 300 కిలోలు దాటుతుంది. మన దేశంలో దీనికి దగ్గరి చుట్టం కశ్మీర్ దాచిగాం అడవుల్లోని హంగుల్. అవి ఇప్పుడు కొన్ని వందలే మిగిలాయి.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణ కలిసి సరదా వేటను పూర్తిగా మూసేశాయి. అమెరికా వేరే దారి పట్టింది. యూరోపియన్లు రాకముందు అక్కడ కోటి దాకా ఎల్క్‌లు ఉండేవని అంచనా. 20వ శతాబ్దం మొదటికి అవి లక్ష లోపుకి పడిపోయాయి. మాంసం వ్యాపారాన్ని ఆపి, వేటను లైసెన్సుల కిందికి తెచ్చి, మందలను కొత్తచోట్లకు తరలించాక ఇప్పుడు సుమారు పది లక్షలకు చేరాయి. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం వేట తుపాకులు, తూటాల మీద 11 శాతం పన్ను వసూలు చేసి, దాన్ని రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు పంచుతారు. వేటగాడి డబ్బుతోనే జంతువును కాపాడే పద్ధతి ఇది. దీన్ని ఒప్పుకోనివారు అక్కడా ఉన్నారు. ఎల్క్‌ల సంఖ్య పెరిగిన మాట మాత్రం నిజం.

రాష్ట్రాన్ని బట్టి ఎందుకు మారుతుంది?

అమెరికాలో ఇలాంటి వన్యప్రాణుల నిర్వహణ ప్రధానంగా రాష్ట్రాల చేతిలో ఉంటుంది. సొంత రాష్ట్రం వాళ్లకు ముందు పీట, బయటివాళ్లకు మిగిలింది. 1976లో మోంటానాలో స్థానికుడికి ఎల్క్ లైసెన్సు 9 డాలర్లు. బయటివాడు కొనాల్సిన ఉమ్మడి లైసెన్సు 225 డాలర్లు. ఇది అన్యాయమని వేసిన దావా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఎల్క్ వేట వినోదమే తప్ప ప్రాథమిక హక్కు కాదని, తేడా చూపడం తప్పు కాదని 1978లో కోర్టు తీర్పు చెప్పింది. నేటికీ బయటివాళ్లు ఎన్నో రెట్లు ఎక్కువ కడుతూనే ఉన్నారు.

ప్రతి రాష్ట్రం తన అడవులను 'యూనిట్లు'గా విడదీస్తుంది. శీతాకాలంలో మంచు మీద జంతువులు స్పష్టంగా కనబడతాయి కాబట్టి అప్పుడు హెలికాప్టర్ల నుంచి లెక్కపెడతారు. ఆడవాటికి మగవి ఎన్ని, పిల్లలు ఎన్ని అని చూసి, ఆ ఏడు ఎన్ని ట్యాగులు ఇవ్వవచ్చో తేలుస్తారు. సాధారణంగా ఒక ట్యాగుకి ఒక్క జంతువే.

ఇక్కడ ఒక జీవశాస్త్ర సూత్రం పనిచేస్తుంది. ఒక మగ ఎల్క్ పెద్ద గుంపులోని ఆడవాటన్నిటితోనూ జతకట్టగలదు. కాబట్టి మంద పెరగడం, తగ్గడం ఆడవాటి సంఖ్య మీదే ఆధారపడి ఉంటుంది. మందను తగ్గించాల్సిన చోట ఆడ ఎల్క్ ట్యాగులు ఎక్కువగా ఇస్తారు, వాటికి పోటీ కూడా తక్కువ. పెద్ద కొమ్ముల మగవి కావాలంటే వాటిని ఏళ్ల తరబడి బతకనివ్వాలి. కొమ్ములు ఏటా రాలిపోయి మళ్లీ మొలుస్తాయి, ఎదిగే కాలంలో రోజుకి రెండు సెంటీమీటర్లకు పైగా పెరగగలవు. అయినా అవి పూర్తి పరిమాణానికి రావాలంటే జంతువు చాలా ఏళ్లు బతికి ఉండాలి. అందుకే అలాంటి యూనిట్లలో ట్యాగులు అతి తక్కువ. అన్నయ్య కన్నేసింది అలాంటి యూనిట్ మీదే.

క్యూ పద్ధతి: ఎనిమిదేళ్లు ఎలా ఇరవై అవుతాయి?

కొలరాడో, వయోమింగ్ వంటి రాష్ట్రాల్లో 'ప్రిఫరెన్స్ పాయింట్లు' ఉన్నాయి. ఏటా ఒక పాయింటు చేరుతుంది, ఎక్కువ పాయింట్లున్నవారికి ముందు ట్యాగు దక్కుతుంది. వయోమింగ్ బయటివారి ట్యాగుల్లో 75 శాతం ఇలా ఇచ్చి, 25 శాతం లాటరీకి వదులుతుంది.

ఒక ఉదాహరణ వేసుకుందాం. ఇవి లెక్క కోసం నేను తీసుకున్న సంఖ్యలు. ఒక యూనిట్‌లో బయటివాళ్లకు ఏటా 20 ట్యాగులు ఇస్తున్నారు. ఒక్కో పాయింటు మెట్టు మీద 50 మంది నిలబడి ఉన్నారు. ప్రస్తుతం 16 పాయింట్ల మెట్టు వారికి ట్యాగులు అందుతున్నాయి. అన్నయ్య 8వ మెట్టు మీద ఉన్నాడు.

అతని ముందు 9 నుంచి 16 దాకా ఎనిమిది మెట్లు, అంటే 400 మంది. ఏటా 20 మంది చొప్పున వాళ్లు ఖాళీ కావడానికి 20 ఏళ్లు పడుతుంది. ఒక మెట్టు మీది 50 మంది తీరడానికి రెండున్నరేళ్లు కావాలి. ఈలోగా వెనకవాళ్లందరికీ పాయింట్లు పెరుగుతూనే ఉంటాయి. అన్నయ్య వంతు వచ్చేసరికి కావలసినవి 16 కాదు, 28 పాయింట్లు. అప్పటికి అతనికి 64 ఏళ్లు. ఈరోజే చేరే కుర్రాడి ముందు 800 మంది ఉంటారు, అతనికి 40 ఏళ్లు.

అక్కడి వేటగాళ్లు దీన్ని 'పాయింట్ క్రీప్' అంటారు. మనవాళ్లకి దీన్ని వివరించడం కష్టం కాదు. గ్రీన్‌కార్డు కోసం ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న పరిమితి వల్ల ఏర్పడ్డ క్యూలో అన్నయ్య ఇప్పటికే ఉన్నాడు. వచ్చేవారు ఇచ్చేవాటికన్నా ఎక్కువైతే ఏ క్యూ అయినా ఇలాగే సాగుతుంది. విసిగి తప్పుకునేవారి వల్ల నిరీక్షణ కొంత తగ్గవచ్చు. వేరే యూనిట్ కోసం పాయింట్లు దాచుకున్నవారు మనసు మార్చుకుని ఇటు తిరిగితే మళ్లీ పెరగవచ్చు.

లాటరీ పద్ధతి: జ్ఞాపకం లేని యంత్రం

న్యూ మెక్సికోలో పాయింట్లే లేవు. డ్రాలో 84 శాతం ట్యాగులు స్థానికులకు, 10 శాతం గైడును కుదుర్చుకున్నవారికి, 6 శాతం గైడు లేని బయటివారికి. ముప్ఫై ఏళ్లుగా దరఖాస్తు చేస్తున్నవాడికీ, తొలిసారి చేసేవాడికీ అవకాశం ఒక్కటే.

దీన్ని చూడగానే నాకు రేడియోధార్మికత గుర్తొచ్చింది. ఒక యురేనియం కేంద్రకానికి వయసు తెలియదు. కోట్ల ఏళ్లు నిలిచినా మరుక్షణం విచ్ఛిన్నమయ్యే సంభావ్యత మారదు. లాటరీ కూడా అంతే. ఏటా 5 శాతం అవకాశం ఉంటే, పదేళ్లలో ఒక్కసారైనా ట్యాగు వచ్చే అవకాశం 50 శాతం అనుకుంటాం. కాదు. ఏటా రాకపోయే అవకాశం 0.95. దాన్ని పదిసార్లు గుణిస్తే 0.60. అంటే వచ్చే అవకాశం 40 శాతం. ఇరవై ఏళ్లకి 64 శాతం. సగానికి సగం అవకాశం రావడానికి పదమూడున్నరేళ్లు పడుతుంది, దీన్ని లాటరీ అర్ధాయువు అనుకోవచ్చు.

ఇలాంటి నాలుగు లాటరీల్లో ఏటా దరఖాస్తు చేస్తే? పదేళ్లలో నలభై ప్రయత్నాలు. ఒక్కసారైనా గెలిచే అవకాశం 87 శాతానికి చేరుతుంది. దరఖాస్తు రుసుములు మాత్రం నాలుగింతలు.

ఈ రెండు పద్ధతులకీ నడుమ రాష్ట్రాలున్నాయి. యూటాలో సగం ట్యాగులు ఎక్కువ పాయింట్లున్నవారికి, మిగతా సగం లాటరీకి. నెవాడాలో పాయింట్లను వర్గం చేసి ఒకటి కలుపుతారు. పది పాయింట్లున్నవాడికి 101 చీటీలు, పాయింట్లు లేనివాడికి ఒకటే. ఆశ పెంచే పద్ధతే గాని, మిగతావారి చీటీలు కూడా వర్గమవుతున్నాయని మరవకూడదు.

ట్యాగు దొరకడం సగం లెక్కే

ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు. ట్యాగు దక్కినంత మాత్రాన జంతువు దొరకదు. ఈ రెండు సంభావ్యతలను గుణించాలి. ట్యాగు అవకాశం 5 శాతం, వేట ఫలించే అవకాశం 60 శాతం ఉన్న యూనిట్‌లో ఏటా మొత్తం అవకాశం 3 శాతం. ట్యాగు తప్పకుండా దొరికే చోట ఫలించే అవకాశం 15 శాతమే అయినా, మొత్తం 15 శాతం. అంటే అయిదు రెట్లు మేలు. పైగా వెళ్లిన ప్రతిసారీ అడవి తెలుస్తుంది, ఆ అనుభవం మరుసటి ఏటికి ఉపయోగపడుతుంది. కొలరాడోలో అత్యధికంగా, మూడు లక్షలకు కొంచెం అటూఇటూగా ఎల్క్‌లు ఉన్నాయి. అక్కడ కౌంటర్ మీద కొనుక్కునే ట్యాగులు చాలాకాలంగా దొరుకుతున్నా, 2025 నుంచి విల్లుతో వేటాడే బయటివారికి వాటిని తగ్గించారు. ఇలాంటి మార్పులు తరచూ వస్తాయి కాబట్టి ఆ ఏటి నియమాల పుస్తకం చదవకుండా ఏ లెక్కా వేయకూడదు.

డబ్బు కాక మరికొన్ని చూడాలి. వయోమింగ్‌లో కేంద్రం 'విల్డర్‌నెస్'గా ప్రకటించిన అడవుల్లో బయటివాడు లైసెన్సున్న గైడు గాని, స్థానికుడు గాని తోడు లేకుండా వేటాడకూడదు. హెచ్-1బీ వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారికి తుపాకీ కలిగి ఉండడం కేంద్ర చట్టం ప్రకారం నిషిద్ధం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే దానికి మినహాయింపు ఉంది.

ఇక ఎత్తు. 3,000 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానిలో 70 శాతమే. సముద్రానికి దగ్గరున్న హ్యూస్టన్ నుంచి నేరుగా వెళ్లినవాడికి నాలుగడుగులకే ఆయాసం వస్తుంది. జంతువు పడ్డాక అసలు శ్రమ మొదలవుతుంది. ఎముక తీసేసిన మాంసమే వంద కిలోల దాకా ఉంటుంది, చాలాసార్లు దాన్ని వీపు మీదే మోయాలి. పెద్ద దేహం నెమ్మదిగా చల్లబడుతుంది. ఒక వస్తువు కొలతలు రెట్టింపైతే ఉపరితలం నాలుగింతలు, ఘనపరిమాణం ఎనిమిదింతలు అవుతుంది. వేడి బయటికి పోయే దారి తక్కువ, లోపల నిలవ ఎక్కువ. వెంటనే చర్మం ఒలిచి ముక్కలు చేయకపోతే చలిలో కూడా మాంసం పాడవుతుంది.

రాష్ట్రం దాటే ముందు

ఇంకో విషయం నిజంగా ప్రమాదకరమైనది. 'క్రానిక్ వేస్టింగ్ డిసీజ్' అనే జబ్బును 1967లో కొలరాడోలోని ఒక పరిశోధన కేంద్రం జింకల్లో తొలిసారి గమనించారు. 1981లో అడవి ఎల్క్‌లోనూ కనబడింది. ఇప్పుడు 30కి పైగా రాష్ట్రాల్లో ఉంది. తప్పుగా ముడుచుకున్న ప్రియాన్ అనే ప్రోటీన్ మెదడును పాడుచేస్తుంది. వంట వేడికి అది నశించదు, నేలలో ఏళ్ల తరబడి నిలుస్తుంది. చాలా కాలం జంతువు ఆరోగ్యంగానే కనబడుతుంది. మనుషులకు సోకినట్టు ఇంతవరకు రుజువు లేదు. అయినా ఆ జబ్బు ఉన్న ప్రాంతాల్లో వేటాడిన జంతువుకు పరీక్ష చేయించి, జబ్బు ఉందని తేలితే తినవద్దని వైద్య సంస్థలు చెబుతున్నాయి. మెదడు, వెన్నెముక ఉన్న భాగాలను సరిహద్దు దాటించడాన్ని చాలా రాష్ట్రాలు నిషేధించాయి. బయలుదేరిన రాష్ట్రం, దారిలోని రాష్ట్రాలు, సొంత రాష్ట్రం, అన్నిటి నియమాలూ వర్తిస్తాయి.

అన్నయ్యకి చెప్పింది

ఇదంతా కాగితం మీద వేసి పంపాను. ఎనిమిదేళ్లు కట్టిన డబ్బు తిరిగి రాదు. దాన్ని లెక్కలోంచి తీసేసి ఇక ముందు ఏం చేయాలో చూడమన్నాను. నేను చెప్పినవి మూడు. ఉన్న పాయింట్లను ఇప్పుడే దొరికే సాధారణ యూనిట్‌లో వాడేయడం. ఏటా పాయింట్లు లేని లాటరీ ఒకటి రెండింటికి దరఖాస్తు చేయడం. ఈలోగా మందను తగ్గించాలనుకుంటున్న చోట ఆడ ఎల్క్ ట్యాగు తీసుకుని కొండలు ఎక్కడం నేర్చుకోవడం.

అతను చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత "64 ఏళ్లకి మోకాళ్లు ఉంటాయంటావా?" అన్నాడు. ఆ సంభావ్యత లెక్కించడం నా వల్ల కాదన్నాను. వచ్చే శరదృతువుకి ఆడ ఎల్క్ ట్యాగుకి దరఖాస్తు పెట్టాడట. మోకాళ్ల కోసం ఆఫీసులో ఇప్పటినుంచే మెట్లెక్కుతున్నాడు.