పాత కారుతో నిత్య ప్రయాణము

లింగంపల్లిలో మేముండు వీధినుండి హైటెక్ సిటీకి ఉద్యోగమునకు పోవు యువకులు చాలమంది కలరు. ఉదయము మేము కారు బయటికి తీయునప్పుడు వారిలో ఎవరో ఒకరు నిలిచి చూచుట మామూలు. "అంకుల్, ఇట్లాంటిది ఒకటి కొనాలని ఉంది. రోజూ ఆఫీసుకు నడపవచ్చా?" అని అడుగుదురు. మా కారు 1986లో తయారయిన అంబాసిడరు. రామచంద్రాపురము భెల్ కర్మాగారములో పనిచేసి విశ్రాంతి తీసికొన్న ఒక పెద్దమనిషి వద్ద 2021లో కొంటిమి. లింగంపల్లి నుండి సైఫాబాదునకు, రాకపోకలు కలిపి నలువది కిలోమీటర్లకు పైగా, వారమునకు నాలుగైదు దినములు దానిలోనే తిరుగుచున్నాము. ఆ యువకుల ప్రశ్నకు గుమ్మము దగ్గర నిలిచి చెప్పుటకు వీలుకాని జవాబును ఇచ్చట కొంచెము వివరముగా చెప్పుదుము.

ముందుగా చట్టము మాట. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము మోటారు వాహనముల నియమములను సవరించి "వింటేజి వాహనము" అను ప్రత్యేక తరగతిని ఏర్పరచినది. మొదటి రిజిస్ట్రేషను నాటినుండి 50 ఏండ్లు దాటి, అసలు రూపము పెద్దగా మారకుండ ఉన్న సొంత వాహనములు ఈ తరగతిలో చేరవచ్చును. కొత్తగా రిజిస్టరు చేయించుటకు 20,000 రూపాయలు, గడువు పదేండ్లు. నంబరు పలకమీద "వి.ఎ." అను అక్షరములుండును. చూచుటకు గౌరవమే. కాని దానితోపాటు ఒక షరతు కలదు: అట్టి వాహనమును నిత్యమును, వ్యాపారమునకును రోడ్డుమీద తిప్పరాదు. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలు పోయించుటకో, మరమ్మతుకో మాత్రమే బయటికి తీయవలెను. అనగా ఆ పలక తగిలించుకొన్న కారు ఆఫీసుకు పోదు. రోజూ నడుపదలచినవారు సాధారణ రిజిస్ట్రేషనునే నిలుపుకొనవలెను.

సాధారణ రిజిస్ట్రేషను గడువు 15 ఏండ్లు. ఆ మీదట కారును తనిఖీకి చూపి, అయిదేండ్లకొకసారి పొడిగించుకొనవలెను. అందుకు రుసుము వెనుక 600 రూపాయలుండెడిది. 2022 ఏప్రిల్ 1 నుండి 5,000 అయినది. 2025 ఆగస్టులో, 20 ఏండ్లు దాటిన కార్లకు 10,000 చేసినారు. రాష్ట్రపు హరిత పన్ను వేరు. 15 ఏండ్లు దాటిన పెట్రోలు కార్లు, పదేండ్లు దాటిన డీజిలు కార్లు నడువరాదని 2018లో సుప్రీంకోర్టు సమర్థించిన నిషేధము ఢిల్లీ ప్రాంతమునకు సంబంధించినది. మన నగరమునకు కాదు. కొందరు ఇక్కడనే పాత కార్లకు కాలము చెల్లినదని భ్రమపడి, మంచి కారును తుక్కు ధరకు ఇచ్చివేయుచున్నారు.

కొనునప్పుడు కాగితములే మొదట చూడవలెను. ఆర్.సి.లోని ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు కారుమీది వానితో సరిపోవలెను. అంబాసిడర్లలో ఇది ముఖ్యము. పెట్రోలు ఇంజను తీసి డీజిలు ఇంజను పెట్టించినవి ఎన్నో కలవు. ఆ మార్పు ఆర్.సి.లో ఎక్కకపోయినచో గడువు పొడిగించునాడు చిక్కు వచ్చును. ఎప్పుడో తీరిన బాంకు అప్పు కాగితములో అట్లే నిలిచియుండుట మరియొక చిక్కు. ఇతర రాష్ట్రపు కారయినచో అక్కడి నిరభ్యంతర పత్రము చేతికి రాకముందు బయానా ఇయ్యరాదు. పాత ఎ.పి. నంబరు చూచి సందేహింప పనిలేదు. 2014 జూన్ 2కు ముందు ఇక్కడ రిజిస్టరయిన కార్లు చాలవరకు ఆ అక్షరములతోనే నడచినవి.

తరువాత రేకు. కొనువారందరును ఇంజను మ్రోత విని మురియుదురు, రేకును చూడరు. ఇంజనును దించి బోరు చేయించుట నెల దినముల పని, పనివారు దొరకుదురు. తుప్పు తిన్న అడుగురేకును తిరిగి నిలువబెట్టుటకు ఏండ్లు పట్టవచ్చును, ఖర్చునకు హద్దు లేదు. ఒక చిన్న అయస్కాంతమునకు గుడ్డ చుట్టి తలుపుల క్రిందిభాగము, మడ్‌గార్డుల అంచులు, గుమ్మపు పట్టీలు తడవి చూడుడు. అంటుకొనని చోట రేకు లేదు, లప్పమున్నది. డిక్కీ తెరచి స్టెప్నీ తీసి, దాని క్రింద చూడుడు. కాళ్లక్రింది చాపలెత్తి చూడుడు. రంగు కొత్తగా మెరయుచుండిన కారును మరింత అనుమానముతో చూడవలెను. మేము మొదట చూచిన కారు అద్దమువలె ఉండెను. చాప ఎత్తగా రోడ్డు కనబడినది.

ఏ కారు? ఇది రుచిని బట్టి. ఫియట్ 1100 డిలైటుగా 1964లో బొంబాయి కుర్లాలో మొదలయి, తరువాత ప్రీమియర్ పద్మిని అయిన కారు చిన్నది, ఇరుకు వీధులలో చులకనగా తిరుగును. 1983లో వచ్చిన మారుతి 800 అన్నిటికంటె చవుక. భాగములు సులభముగా దొరకును. అంబాసిడరు బరువైనది, కాని వెనుక సీటులో ముగ్గురు పెద్దవారు మోకాళ్లు తగులకుండ కూర్చొందురు. 1998లో ఇక్కడ సైబర్ టవర్స్ ప్రారంభమయిన నాడు కలకత్తా సమీపమున ఉత్తర్‌పారాలో అంబాసిడరు ఇంకను తయారగుచునే యుండెను; 2014 మే నెలలో ఆగినది. ఆ విధముగా దాదాపు అర్ధశతాబ్దికి పైగా ఒకే ఆకారము సాగుటచేత, ఒక కాలపు కారు భాగము మరియొక కాలపు కారునకు తరచుగా పనికివచ్చును. మేము దానిని ఎన్నుకొనుటకు ఇదే పెద్ద కారణము.

ఇక రోజూ నడుపుట. ఆల్విన్ చౌరస్తాలో ఏప్రిల్ మధ్యాహ్నము నిలిచినప్పుడు పాత కారు కష్టము తెలియును. దాని ఫాను ఇంజనుతోనే తిరుగును. కారు నిలిచి, ఇంజను నెమ్మదించినప్పుడు ఫాను కూడ నెమ్మదించును. గాలి ఎక్కువగా కావలసినది ఆ సమయముననే. వేడికి గొట్టములలోని పెట్రోలు ఆవిరియై బుడగలు కట్టును, కార్బురేటరునకు అందదు, కారు ఆగిపోవును. తడిగుడ్డ కప్పి పది నిమిషములు కాచుకొనుట పాత చిట్కా, ఇప్పటికిని పనిచేయును. రేడియేటరు లోపల శుభ్రము చేయించి, విద్యుత్తుతో తిరుగు చిన్న ఫాను ఒకటి అదనముగా పెట్టించుట మేలైన మార్గము. మేము అది చేయించి, బయలుదేరు వేళను కూడ మార్చుకొంటిమి. ఏడు గంటలకే గడప దాటుదుము. కారును ఊరి వేళకు సరిపెట్టలేము కనుక మేమే కారు వేళకు సరిపడితిమి.

పెట్రోలు సంగతి అంతకంటె సూక్ష్మమైనది. ఈ ఇంజన్లు తయారయిన కాలమున పెట్రోలులో సీసము కలిపెడివారు. అది వాల్వులు కూర్చొను చోట పలుచని పొరగా ఏర్పడి అరుగుదలను ఆపెడిది. 2000 ఫిబ్రవరి 1 నుండి దేశమంతటను సీసము లేని పెట్రోలే అమ్ముచున్నారు. ఊరిలో నెమ్మదిగా తిరుగు కారునకు దీనివలన హాని మెల్లగానే జరుగును. అవుటర్ రింగు రోడ్డుమీద గంటలకొలది వేగముగా తోలినచో త్వరపడును. ఇంజను విప్పిన నాడు గట్టి లోహపు సీట్లు వేయించినచో ఆ చింత తీరును. ఇప్పుడు పెట్రోలులో నూటికి ఇరువది పాళ్లు ఇథనాలు కలియుచున్నది. అది పాత రబ్బరు గొట్టములను మెత్తబరచును; టాంకులో ఏండ్లుగా పేరుకొన్న మడ్డిని కదిలించి ఫిల్టరులో పడవేయును; గాలిలోని తేమను పీల్చును. పెట్రోలుకంటె దానిలో శక్తి తక్కువ గనుక మైలేజి కొంత తగ్గును. గొట్టములన్నిటిని కొత్తరకము రబ్బరుతో మార్పించి, కార్బురేటరులో పెట్రోలు పాలు కొంచెము పెంచవలసియుండును. మా కారు ఊరిలో లీటరుకు ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్లిచ్చును. ఖర్చు తగ్గించుకొన గోరువారికి ఇది దారి కాదు.

వానకాలమున వేరొక నియమము. లింగంపల్లి రైలు వంతెన క్రింద నీరు నిలుచుట ఈ ప్రాంతపువారందరికిని తెలిసినదే. మొదటి యేడు మేము లక్ష్యపెట్టక దిగితిమి. ఫాను చిమ్మిన నీరు డిస్ట్రిబ్యూటరుమీద పడి, నడిమధ్య కారు నిలిచినది. ముగ్గురు ఆటోవారు తోసి గట్టెక్కించినారు. మూత తీసి పొడిగుడ్డతో తుడువగా రెండు నిమిషములలో కదిలినది. గుణపాఠము మాత్రము నిలిచినది. వాన పట్టిన దినమున కారు ఇంటిలోనే, మేము రైలెక్కుదుము. 2003 ఆగస్టు నుండి ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు ఇక్కడినుండి నడచుచున్నవి గదా. నిత్య ప్రయాణమనగా మూడువందల అరువదియైదు దినములు కాదని మొదటనే ఒప్పుకొన్నవారు సుఖపడుదురు.

భద్రత విషయము దాచరాదు. ఈ కారులో గాలిసంచులు లేవు. గుద్దుకొన్నప్పుడు ముందుభాగము నలిగి దెబ్బను మ్రింగు ఏర్పాటు లేదు. రేకు దళసరిగా ఉన్నదని ధైర్యపడువారు పొరపడుచున్నారు, నలుగని రేకు దెబ్బను మనిషికే పంపును. నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే. వరుసగా తొక్కుచు వచ్చినచో వేడెక్కి పట్టు తప్పును. ముందున్న కొత్త కారు ఆగినంత తొందరగా మేమాగలేము. కనుక రెండు కార్ల ఎడము విడిచి నడుపుదుము. ఆ ఎడములో మోటారు సైకిళ్లు దూరుచుండును. మరల వెనుకకు తగ్గుదుము. మంచి ఇనుప పట్టీలతో బిగించిన భుజపు బెల్టులు ముందు సీట్లకును, వెనుక సీటుకును వేయించితిమి. అయినను పిల్లలను ఆ కారులో దూరప్రయాణమునకు తీసికొనిపోము. పొగ సంగతి కూడ అంతే. కొత్త కార్లలో పొగను శుద్ధిచేయు పరికరముండును, దీనిలో లేదు. ఆగి తిరుగుచున్న ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడు నూటికి 3 వంతులు మించరాదని ఇంత పాత కార్లకు హద్దు. మేము ఆరు నెలలకొకసారి పరీక్ష చేయించి ఆ హద్దులోపలనే ఉన్నాము. కాని ప్రక్కనున్న కొత్త కారు విడుచునది అందులో చాల స్వల్పభాగము. ఈ లెక్క మమ్ము అప్పుడప్పుడు ఇబ్బంది పెట్టకపోలేదు.

భాగములకు రాణీగంజ్, పుట్లీబౌలీ అంగళ్లు తిరుగుదుము. దొరకును, కాని అన్నియు మంచివి కావు. ఒక అంగడివారు కొత్తవని ఇచ్చిన బ్రేకు రబ్బర్లు మూడు వారములకే ఉబ్బి చక్రము పట్టివేసినవి. అప్పటినుండి బ్రేకులకు సంబంధించిన వస్తువును ముద్ర చూడక కొనుట మానితిమి. అసలైన కొరత మనుషులది. మాకు పనిచేయు మెకానిక్కు చందానగరువాడు, అరువది దాటినవాడు. బానెట్ ఎత్తి చెవి యొగ్గి వినును. పాయింట్ల మధ్య ఎడమును అంగుళములో వేయింటికి 15 వంతులుగా కొలతపట్టీ లేకయే సరిచేయును. కంప్యూటరు తగిలించి దోషము చదువుటకు అలవడిన పిల్లలకు ఈ కారు మూగది. అతని దుకాణమున ఆ పని నేర్చుకొనుచున్నవారెవరును లేరు. అందుచేత మేమే ఆదివారములు అతని ప్రక్కన నిలిచి పాయింట్లు దిద్దుట, ప్లగ్గులు శుభ్రము చేయుట, గ్రీజు కొట్టుట నేర్చుకొంటిమి.

కారు ఎక్కువ కాలము నిలువవలెనన్న తక్కువ నడుపవలెనా అని ఒకసారి అతనిని అడిగితిమి. "నిలబెడితెనే ఖరాబయితది సార్, రోజూ తిప్పుండ్రి" అన్నాడు. ఆ మాటకు కారణము కలదు. నిలిచిన కారులో బ్రేకు నూనె తేమ పీల్చి సిలిండర్లను తుప్పు పట్టించును, రబ్బరు ఎండి బీటలువారును, బాటరీ దిగును, ఇథనాలు కలిసిన పెట్రోలు నిలువయుండి చెడును. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ 1911లో గతించుటకు ముందు తెప్పించదలచిన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్టు, సింహాసనమువంటి సీటు గల పసుపుపచ్చ కారు, అతి కొద్ది మైళ్లే నడిచి నేటికిని నిలిచినది. దానిని కాపాడుటకు సంస్థానమంత బలగము ఉండెను. మావంటివారి కారునకు రోజూ నడచుటయే సంరక్షణ.

మా కారు రిజిస్ట్రేషనును పాత యజమాని 2021లో 600 రూపాయలకు పొడిగించెను. ఆ గడువు 2026 డిసెంబరుతో ముగియును, ఈసారి 10,000. 2036లో కారునకు 50 ఏండ్లు నిండును. అప్పుడు "వి.ఎ." పలక తీసికొని షెడ్డులో పెట్టవచ్చునని ఇంటిలో ఇప్పటినుండియే అనుచున్నారు. మేమింకను ఔనని చెప్పలేదు. ప్రస్తుతము తనిఖీలోపల ముందు చక్రముల బ్రేకు డ్రమ్ములు లేతుమీద తిప్పించవలసియున్నది. చందానగరు మెకానిక్కు వచ్చే ఆదివారము రమ్మన్నాడు.