మీకు తెలుసా? చవక గిటార్ మీద కెరటాల పాట

◆ లిప్‌స్టిక్ గొట్టాలతో ఎలక్ట్రిక్ గిటార్లు చేసి అమ్మినాయన ఒకడుండేవాడు. న్యూజెర్సీలో డాన్‌ఎలెక్ట్రో కంపెనీ పెట్టిన నేథన్ డేనియల్‌కి ఖర్చు తగ్గించడంలో ఉన్నంత నేర్పు ఇంకెవరికీ ఉండి ఉండదు. తీగ కదలికను కరెంటుగా మార్చే పికప్‌కి ప్రత్యేకంగా తొడుగు చేయించడం దండగ అనుకున్నాడు. లిప్‌స్టిక్కులకు వాడే లోహపు గొట్టాలు కొని, అయస్కాంతాన్నీ దాని చుట్టూ చుట్టిన తీగనూ వాటిలోకి దూర్చేశాడు. గిటార్ ఒంటికి మంచి కలప కూడా పెట్టలేదు. చవక కర్రతో చట్రం కట్టి, పైనా కిందా మేసొనైట్ అంటించాడు. మనం హార్డ్‌బోర్డ్ అంటామే, పిల్లలు పరీక్షకు తీసుకెళ్లే అట్ట, అదే సరుకు. పక్కల అతుకులు కనబడకుండా వినైల్ టేపు చుట్టాడు.

సియర్స్ సంస్థ వీటికి సిల్వర్‌టోన్ అని పేరు పెట్టి తన కేటలాగులో అమ్మింది. 1962లో తెచ్చిన రకంలో ఆంప్లిఫయరూ స్పీకరూ గిటార్ పెట్టెలోనే ఉండేవి. పెట్టె నిలబెట్టి ప్లగ్గు పెడితే కచేరీ మొదలు. ఒక్క పికప్ ఉన్నది 70 డాలర్ల లోపే వచ్చేది. అదే ఏడాది ఫెండర్ కంపెనీ విడుదల చేసిన జాగ్వార్ గిటార్ ధర 380 డాలర్ల దాకా ఉండేది. అమెరికాలో కారు షెడ్లలో కుర్రాళ్ల బ్యాండ్లు అన్నేసి పుట్టుకురావడానికి ఈ ధరల తేడా చిన్న కారణమేమీ కాదు.

◆ మన పిల్లలు సంగీతం మాస్టారి ముందు కూచుని సరళీ స్వరాలు మొదలుపెట్టే రాగం మాయామాళవగౌళ. పలకెక్కి అలల మీద తేలే సర్ఫింగ్ ఆట చుట్టూ అల్లుకున్న సర్ఫ్ సంగీతంలో అన్నిటికన్నా పేరున్న పాట ‘మిసిర్లూ’ నడిచేదీ ఆ స్వరాల మీదే: శుద్ధ రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, శుద్ధ ధైవతం, కాకలి నిషాదం. మన గమకాలు వెతికితే దొరకవు, స్వరస్థానాలు మాత్రం అవే.

ఇది మధ్యధరా సముద్రపు తూర్పు తీరాల పాత పాట. 1920ల్లోనే గ్రీకు గాయకులు రికార్డు చేశారు. దాన్ని పట్టుకుని 1962లో ఎలక్ట్రిక్ గిటార్ మీద పరుగెత్తించినవాడు డిక్ డేల్. తండ్రి లెబనాన్ నుంచి వచ్చిన కుటుంబంవాడు కావడంతో అరబ్బు వాద్యాల పలుకు డేల్‌కి చిన్నప్పుడే చెవిన పడింది. ఒకే తీగను పైకీ కిందికీ ఆపకుండా మీటుతూ పోయే ఆ వాయింపు అక్కడి నుంచే వచ్చింది. 1994లో ‘పల్ప్ ఫిక్షన్’ సినిమా టైటిళ్లకు ఈ పాటే పెట్టడంతో, సర్ఫింగ్ పలక ఎన్నడూ చూడనివాళ్లకు కూడా అది తెలిసిపోయింది.

◆ డేల్‌ది ఎడమచేతి వాటం. గిటార్ తిరగేసి పట్టుకునేవాడు, తీగలు మాత్రం మార్చేవాడు కాదు. దాంతో లావు తీగ కిందికి, సన్న తీగ పైకి వచ్చేవి. ఆ తీగలైనా మామూలువా? మామూలు సెట్లో సన్న తీగ మందం పావు మిల్లీమీటరు, అతను వాడినది 0.4. లావు తీగ 1.5 మిల్లీమీటర్లు.

◆ సర్ఫ్ గిటార్‌కి ఆ తడి మోత ఇచ్చింది టెలిఫోన్ పరిశోధన. దూరపు ఫోను లైన్లలో మాట ఆలస్యంగా చేరడాన్ని ప్రయోగశాలలో అనుకరించడానికి బెల్ ల్యాబ్స్‌వాళ్లు స్ప్రింగులు వాడారు. తన ఆర్గన్‌కి చర్చి హాల్లాంటి గుయ్యిమనే ప్రతిధ్వని కావాలని చూస్తున్న హామండ్ కంపెనీ ఆ ఉపాయాన్ని అందుకుంది. హామండ్ దగ్గరి నుంచి అది ఫెండర్‌కి చేరింది. 1961లో ఫెండర్ విడిగా ఒక రివర్బ్ (ప్రతిధ్వని) పెట్టె తెచ్చింది. లోపల సుమారు 43 సెంటీమీటర్ల రేకు తొట్టెలో సన్నటి స్ప్రింగులు వేలాడుతుంటాయి. ఒక కొసన గిటార్ సంకేతం చిన్న అయస్కాంతాన్ని మెలిపెడుతుంది, ఆ మెలిక స్ప్రింగు పొడవునా పాకి రెండో కొసకు చేరుతుంది, అక్కడ తగిలి వెనక్కి వస్తుంది, మళ్లీ వెళుతుంది. అరచేతిని తీగల మీద ఆనించి టక్కుటక్కుమని మీటితే, ఆ స్ప్రింగు నీళ్ల కుండలో చుక్క పడ్డట్టు పలుకుతుంది. సర్ఫ్ వాయించేవాళ్లు దీన్ని ‘డ్రిప్’ అంటారు. పెట్టెను కాలితో తన్నితే పిడుగు పడ్డట్టు మోత వస్తుంది.

ఇంకో తమాషా. తొలి సర్ఫ్ పాటగా చాలామంది చెప్పే డేల్ పాట ‘లెట్స్ గో ట్రిప్పిన్’ 1961లో వచ్చింది. అందులో ఈ రివర్బ్ లేనే లేదు!

◆ ఫెండర్ 1958లో జాజ్‌మాస్టర్ తెచ్చింది జాజ్ విద్వాంసుల కోసం. వాళ్లు దాని మొహం కూడా చూడలేదు. సముద్రపు ఒడ్డు కుర్రాళ్లు ఎగబడి కొన్నారు.

◆ సముద్రం లేని ఊళ్ల నుంచి కూడా సర్ఫ్ బ్యాండ్లు వచ్చాయి. కొలరాడో కొండల్లో ఉన్న బౌల్డర్ ‘ది ఆస్ట్రోనాట్స్’ సొంతూరు. ‘ది ట్రాష్‌మెన్’ది మిన్నియాపోలిస్, అలలు కావాలంటే చెరువు గట్టుకు వెళ్లాల్సిందే. సర్ఫింగ్ పాటలతోనే లోకానికి తెలిసిన బీచ్ బాయ్స్‌లోనూ నిజంగా అలల మీద తేలినవాడు డ్రమ్మర్ డెనిస్ విల్సన్ ఒక్కడే.

◆ పాత చవక గిటార్లలో సగం కథ జపాన్‌ది. అత్స్వో కనెకో, దోర్యు మత్సుద అనే ఇద్దరు 1946లో మొదలుపెట్టిన సంస్థ తర్వాత టైస్కో అయింది. 1960లలో దాని గిటార్లు ఓడల్లో అమెరికా చేరి, దుకాణాన్ని బట్టి టైస్కో డెల్ రే, కింగ్‌స్టన్, కెంట్, ఇంకా ఎన్నో పేర్లతో అమ్ముడుపోయాయి. వరసకట్టిన స్విచ్చులు, పెద్ద తల, మెరిసే క్రోమ్ రేకు. ఎన్ని స్విచ్చులుంటే అంత గొప్ప అని ఆనాటి లెక్క కాబోలు.

ఇదే సమయంలో గిటార్ పాటలకు పేరున్న అమెరికన్ బ్యాండ్ వెంచర్స్ జపాన్ వెళ్లింది. 1965 పర్యటనతో అక్కడ ‘ఎలెకి’, అంటే ఎలక్ట్రిక్ గిటార్ పిచ్చి పట్టింది. కొన్నిచోట్ల బడిపిల్లలు ఎలక్ట్రిక్ గిటార్ ముట్టుకోకూడదని పెద్దలు నిషేధం పెట్టేదాకా వెళ్లింది. నిషేధించిన వస్తువుకు గిరాకీ ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

టైస్కో పికప్‌ల మీద చిల్లుల రేకు కింద బంగారు రంగు రేకు మెరుస్తుంది. లోపలుండేది బలహీనమైన రబ్బరు అయస్కాంతం. ఒకప్పుడు వాటిని తీసిపారేసేవారు. గిటారిస్టు రై కూడర్ తన ఖరీదైన ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌లో అలాంటిది ఒకటి బిగించుకోవడంతో లెక్క తిరగబడింది. ఇప్పుడు ఆ పికప్‌ల కోసమే గిటార్లు కొని విప్పేసేవాళ్లున్నారు. ఇది నాకు నచ్చదు. పికప్ పోయిన గిటార్ వంటచెరకే.

◆ పాత అమెరికన్ గిటార్ వయసు తెలియాలంటే వెనక మూత విప్పి, వాల్యూమ్ నాబ్ కింద ఉండే పొటెన్షియోమీటర్ వీపు చూడాలి. 1376412 అని ముద్ర ఉందనుకోండి. 137 సీటీఎస్ కంపెనీ గుర్తు, 64 అంటే 1964, 12 అంటే ఆ ఏడు పన్నెండో వారం. 304తో మొదలైతే స్టాక్‌పోల్ తయారీ. గిటార్ ఆ వారానికంటే ముందు తయారై ఉండదు, ఎవరో మధ్యలో ఆ భాగం మార్చి ఉంటే తప్ప. జపాన్ గిటార్లలో సాధారణంగా ఈ అంకెలు దొరకవు.

◆ నాబ్ తిప్పితే బరబరమంటే కొత్తది కొననక్కర్లేదు. లోపల పేరుకున్నది అరవై ఏళ్ల మురికి. కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి ఇరవైసార్లు అటూఇటూ తిప్పితే చాలావరకు నోరు మూసుకుంటుంది. అసలు పలకని పికప్‌ని మల్టీమీటర్‌తో చూడాలి. లిప్‌స్టిక్ పికప్ అయితే 4, 5 కిలో ఓంల ప్రాంతంలో చూపించాలి. ఏమీ చూపించకపోతే తీగ తెగినట్టు. ఆ తీగ మందం 0.06 మిల్లీమీటర్లు, వేల చుట్లుంటాయి. అయినా గాభరా పడి అంతా విప్పెయ్యకూడదు. బయటి కొసన టంకం పెట్టిన చోటే తెగి ఉండే అవకాశం ఎక్కువ, ముందు అక్కడ చూడాలి.

పికప్ కీచుమంటోందని మైనంలో ముంచే అలవాటు కొందరికుంది. చుట్లు కదలకుండా బిగుసుకుంటాయి, నిజమే. వేడి మైనానికి పాత ప్లాస్టిక్ వంగిపోతుందన్నదీ నిజమే. పైగా ఆ కొద్దిపాటి కదలికే టైస్కో, డాన్‌ఎలెక్ట్రోల గొంతు. ఆంప్లిఫయర్ నుంచి రెండడుగులు వెనక్కి జరిగితే సరిపోయేదానికి మైనం ఎందుకు?

◆ డాన్‌ఎలెక్ట్రోలో రెండు పికప్‌లూ కలిపి వాయిస్తే శబ్దం ఒక్కసారిగా పెరుగుతుంది. చాలా గిటార్లలో అవి పక్కపక్కన కలుస్తాయి, ఇందులో ఒకదాని వెనక ఒకటి, సిరీస్‌లో. దీన్ని ‘సరిచేయించే’వాళ్లు ఉన్నారు. చెయ్యకండి.

◆ వీణ మెట్లు మైనంలో కూచుంటాయి కాబట్టి స్వరం తప్పితే మళ్లీ మేళం కడతారు. గిటార్ మెట్లు కర్రలో దిగ్గొట్టినవి, కదలవు. కాబట్టి ఇటు చివర తీగలు ఆనే బ్రిడ్జినే జరపాలి. పన్నెండో మెట్టు (ఫ్రెట్) దగ్గర తీగను నొక్కి మీటితే ఒక స్వరం, అక్కడే వేలు తాకీ తాకనట్టు పెట్టి మీటితే ఇంకొకటి. రెండూ ఒకటే కావాలి. నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే తీగ పొడవు పెంచాలి, తగ్గుగా ఉంటే కురచ చెయ్యాలి. పాత డాన్‌ఎలెక్ట్రోలో ఆరు తీగలకీ కలిపి ఒకే రోజ్‌వుడ్ ముక్క. ఒక్కో తీగనూ విడిగా జరపడం కుదరదు, లావు తీగలు వేస్తే తేడా కాస్త సర్దుకుంటుంది.

◆ లావు తీగలన్నాం కదా, ఇక్కడే ప్రమాదం. మామూలు పది నంబరు తీగల సెట్టు (నంబరు పెరిగితే తీగ లావు) గిటార్ మెడను దాదాపు 46 కిలోల బరువుతో లాగుతుంది. సర్ఫ్ వాయించేవాళ్లు ఇష్టపడే పన్నెండు నంబరు సెట్టు 60 కిలోలు దాటుతుంది. ఈ కాలపు గిటార్లలో మెడ వంగితే లోపలి ఇనప కడ్డీ మర తిప్పి నిలబెట్టొచ్చు. చాలా చవక పాత గిటార్లలో కడ్డీ ఉన్నా మర లేదు. అందుకని పదకొండుతో మొదలుపెట్టి, కొన్ని వారాలు మెడను గమనించి, ఆ తర్వాత పైకి వెళ్లడం మంచిది. తీగలు మరీ ఎత్తుగా ఉంటే మెడ విప్పి, అది కూచునే గుంటలో ఒంటి వైపు కొసన విజిటింగ్ కార్డు ముక్క పెడితే కోణం మారి తీగలు కిందికి దిగుతాయి.

◆ తల దగ్గర మొదటి ఫ్రెట్టు కన్నా ముందు ఇంకో ఫ్రెట్టు ఉంటే దాన్ని జీరో ఫ్రెట్ అంటారు. చవక గిటార్ గుర్తు అని వెక్కిరిస్తారు. వెంచర్స్ పేరుమీద 1963లో వచ్చిన మోస్‌రైట్ గిటార్‌లోనూ అది ఉంది. దాన్నెవరూ చవక అనరు.

◆ జాగ్వార్, జాజ్‌మాస్టర్ అంత చురుగ్గా పలకడానికి ఒక కారణం 1 మెగా ఓం పొటెన్షియోమీటర్లు. స్ట్రాటోకాస్టర్‌లో 250 కిలో ఓంలే. నిరోధం ఎక్కువైతే పైస్థాయి శబ్దం భూమికి జారిపోవడం తగ్గుతుంది. పాత గిటార్‌లో అది ఎలాగూ చెడిపోయి మార్చాల్సి వస్తే 1 మెగా ఓంది వేసి చూడండి. వందల రూపాయల్లో అయ్యే మార్పుల్లో ఇంత తేడా తెచ్చేది మరోటి లేదు.

◆ అమెరికా నుంచి పాత వాల్వు ఆంప్లిఫయర్ తెచ్చుకుంటే మాత్రం సరదా పక్కన పెట్టాలి. 1960ల చవక రకాల్లో కొన్నిటికి పవర్ ట్రాన్స్‌ఫార్మరే లేదు. ప్లగ్గు తిరగబడితే గిటార్ తీగలు కరెంటు తీగలవుతాయి. అక్కడది 120 వోల్టులు, మన గోడలో 230. దుకాణాల్లో దొరికే 110 వోల్టుల కన్వర్టర్లలో చాలావరకు వోల్టేజీని తగ్గిస్తాయి గానీ మెయిన్స్ నుంచి వేరు చెయ్యవు. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరూ, ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్గూ వాల్వు పని తెలిసినవాళ్ల చేత పెట్టించాకే ముట్టుకోవాలి.

◆ అదే డాన్‌ఎలెక్ట్రో 1967లో కోరల్ ఎలక్ట్రిక్ సితార్ తెచ్చింది. రూపకల్పన గిటారిస్టు విన్నీ బెల్‌ది. పక్కన 13 తరఫ్ తీగలు, తంబురా జీరలా గుయ్యిమనే బ్రిడ్జి, పికప్‌లు షరా మామూలుగా లిప్‌స్టిక్ గొట్టాలే. ఎదురు దిక్కున మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ ఉండేవారు. జంట తీగల వాద్యాన్ని ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌గా మార్చుకుని, ఐదో తీగ చేర్చుకుని, కర్ణాటక కచేరీకి తెచ్చారు.

◆ జాగ్వార్‌లో బ్రిడ్జి పక్కన మీట నొక్కితే లేచే స్పాంజి పట్టీ ఒకటి ఉండేది, తీగలు పొడిపొడిగా పలకడానికి. చాలామంది అడ్డమని ఊడబీకి పారేశారు. ఈ రోజు పాత జాగ్వార్‌ని యథాతథంగా నిలబెట్టాలనుకునేవాళ్లు ఆ పట్టీ కోసం వెతుక్కుంటున్నారు. మన చవక గిటార్‌కి గిన్నెలు తోమే స్పాంజి చాలు. చిటికెన వేలంత ముక్క కోసి, బ్రిడ్జి ముందు తీగల కింద దూర్చి, వాల్యూమ్ పెంచి మీటండి.