నల్లని బిందువుల లోపలి అమరిక

కువైట్ నగరానికి దక్షిణాన, సముద్రతీరం వెంట ఉన్న మీనా అబ్దుల్లా చమురుశుద్ధి కర్మాగారంలో కోకింగ్ విభాగం ఉంది. ముడిచమురులోనుండి పెట్రోలు, కిరోసిన్, డీజిలు వంటివన్నీ తీసివేశాక మిగిలే మడ్డిని ఇటువంటి విభాగాలలో సుమారు 500 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేసి, ఎత్తైన డ్రమ్ములలోకి పంపుతారు. తేలిక నూనెలు, వాయువులు ఆవిరై పైకి పోతాయి. కోక్ అనే నల్లని ఘనపదార్థం డ్రమ్ములో పేరుకుంటుంది. చమురు రంగంలో పనిచేసే తెలుగు ఇంజనీర్లకు ఇది కొత్త సంగతి కాదు. అయితే మడ్డి కోక్‌గా మారే నడిమి దశలో అందులో ద్రవస్ఫటిక బిందువులు పుడతాయన్న విషయం అంతగా చర్చకు రాదు.

ద్రవస్ఫటికం ద్రవంలా పారుతుంది. కానీ దాని అణువులు స్ఫటికంలోవలె ఒక దిశను పాటిస్తాయి. 1888లో రైనిట్జర్ ఈ స్థితిని మొదట గమనించిన పదార్థం కొలెస్టెరిల్ బెంజోయేట్. తర్వాత తెరల తయారీకి దారి చూపిన 5సీబీ అనే పదార్థం సుమారు 35 డిగ్రీలు దాటితే మామూలు ద్రవమైపోతుంది. 2016 జులై 21న 53.9 డిగ్రీలు నమోదైన కువైట్‌లోని మిత్రిబాలో, ఆనాటి మధ్యాహ్నం అది ఆరుబయట తన అమరికను నిలుపుకోగలిగేది కాదు! కోకింగ్ డ్రమ్ములోని ద్రవస్ఫటికం తీరు వేరు: అది 400 డిగ్రీలు దాటాకనే పుడుతుంది.

బిందువులో బంధించినప్పుడు ఈ దిశాక్రమానికి ఒక చిక్కు వస్తుంది. లోపలి అణువులు ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలనుకుంటాయి. ఉపరితలం తన అంచున వాటిని ఒక నిర్దిష్ట కోణంలో నిలపాలనుకుంటుంది. కడ్డీ ఆకారపు అణువులు ఉపరితలానికి లంబంగా నిలిస్తే దిశలన్నీ కేంద్రం నుండి కదంబపుష్పపు కేసరాలలా విచ్చుకుంటాయి. ఉపరితలం వెంట పడుకుంటే, నారింజ తొనల మధ్య గీతల్లా ఒక ధ్రువం నుండి మరొక ధ్రువానికి సాగుతాయి. ఆ రెండు ధ్రువాల వద్ద దిశ అనేదే ఉండదు. తలమీద జుట్టును ఎలా దువ్వినా సుడి మిగిలినట్లే, గోళంపై ఈ లోపాలను పూర్తిగా తొలగించడం గణితరీత్యా అసాధ్యం. బిందువు పరిమాణమూ ముఖ్యమే. ఉపరితల శక్తి వ్యాసార్ధపు వర్గాన్ని బట్టి, వంపుకయ్యే శక్తి వ్యాసార్ధాన్ని బట్టి పెరుగుతాయి. అందువల్ల మరీ చిన్న బిందువులో ఉపరితలం మాట చెల్లదు; అణువులు నిటారుగానే నిలుస్తాయి. బిందువు పెద్దదైనకొద్దీ ఉపరితలానిదే పైచేయి.

మడ్డిలోని అణువులు కడ్డీలు కావు, పళ్ళేలు. వేడికి చిన్న శాఖలు తెగిపోగా, బెంజీన్ వలయాలు కలిసి పెరిగిన చదునైన అణువులు మిగిలి, అప్పడాల దొంతరలా ఒకదానిపై ఒకటి చేరతాయి. ఆ దొంతరలే మైక్రాన్ల పరిమాణంలో గుండ్రని బిందువులై తేలుతాయి. ఆస్ట్రేలియాలో బ్రూక్స్, టేలర్ 1965లో వీటిని ధ్రువితకాంతి సూక్ష్మదర్శినితో పరిశీలించి, పొరలు మధ్యలో చదునుగా ఉండి, అంచుకు చేరేసరికి వంగి ఉపరితలాన్ని లంబంగా తాకుతాయని చూపారు. ఆ పొరలకు లంబంగా గీతలు గీస్తే, అవి నారింజ గీతలే! పళ్ళెపు అణువుల ద్రవస్ఫటికాలను బెంగుళూరులో చంద్రశేఖర్ బృందం ప్రకటించింది 1977లో. తారులో అవి అంతకుముందే కనబడ్డాయన్నమాట.

రెండు బిందువులు తాకినప్పుడు తలతన్యత వాటిని ఒక్కటి చేస్తుంది. లోపలి పొరలు సర్దుకోవడానికి మాత్రం సమయం కావాలి. ఈలోగా రసాయనచర్య సాగి ద్రవం చిక్కబడుతుంది. కోక్ గుణమంతా ఈ రెంటి పందెంలో తేలుతుంది. సర్దుకునే వ్యవధి దొరికితే పొరలు పెద్ద విస్తీర్ణంలో ఒకే దిశకు వచ్చి, పైకి పోయే వాయువుల ఒరవడికి సాగి, ఉక్కు కొలిముల గ్రాఫైట్ ఎలక్ట్రోడ్లకు పనికివచ్చే సూదికోక్ అవుతుంది. దొరకకపోతే చిన్నచిన్న ముక్కల మొజాయిక్ మిగులుతుంది. కువైట్ ముడిచమురులో గంధకం సుమారు 2.5 శాతం, మడ్డిలో ఆ పాలు ఇంకా ఎక్కువ. గంధకం, అస్ఫాల్టీన్లు అధికంగా ఉన్న మడ్డి త్వరగా గట్టిపడుతుంది. కనుక అటువంటి మడ్డి నుండి సూదికోక్‌ను ఆశించలేము. లోహాలు, గంధకం హద్దులో ఉన్న కోక్‌ను మళ్ళీ కాల్చి అల్యూమినియం పరిశ్రమ ఆనోడ్లకు వాడుతుంది. మిగతాది ఇంధనంగా చౌకగా పోతుంది. డ్రమ్ములోంచి తీసిన ముక్కను నునుపుచేసి ధ్రువితకాంతిలో చూస్తే, ఏ బిందువులు కలిశాయో, ఏవి మధ్యలోనే గడ్డకట్టాయో ఆ మచ్చల పరిమాణమే చెబుతుంది.